పుట్టుకతో వచ్చినదీ పోతుంది

విజయనగరంలో చేసిన స్మారకోపన్యాసం

 

ఎవరి స్మారకంగా ఈ ఉపన్యాసమో ఆ మాష్టారి పాండిత్యం గురించి నాకంటే ముందు మాట్లాడిన పెద్దలు చెప్పారు. నాకు తెలిసింది వాళ్ళ వంటిల్లు. మహారాజా కాలేజీలో చదువుకునే రోజుల్లో మంగళవారం నా భోజనం వాళ్ళింట్లో. మాష్టారికి కోపం వస్తే తిట్టేవారు కారు, మాట్లాడడం మానేసేవారు. ఒకసారి పుస్తకం ఆలస్యంగా తిరిగిచ్చానని కొన్ని వారాలు నాతో పలకలేదు. అమ్మగారు వడ్డించేవారు, ఆయన నా ఎదుటే కూర్చుని తినేవారు, మాట మాత్రం ఉండేది కాదు. ఈ గుమ్మం ఇక నాకు లేదనుకున్నాను. ఒక మంగళవారం ఉన్నట్టుండి "ఏమోయ్, పెరుగు వేయించుకో" అన్నారు. అంతే, అయిపోయింది. కానీ ఆ వారాల్లో నాకు ముద్ద దిగేది కాదు. మాష్టారిని తగ్గించడానికి ఇది చెప్పడం లేదు, ఆయన పెట్టిన అన్నంతోనే డాక్టరునయ్యాను. ఎదుటి మనిషి పలకకపోతే ప్రాణం ఎలా కొట్టుకుంటుందో నాకు ముందు తెలిసింది అక్కడ. పుస్తకాలు తరవాత వచ్చాయి.

ఈ రోజు విషయం బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్. లక్షణాలు మీలో చాలామంది ఇప్పటికే చదివి ఉంటారు. అయినవాళ్ళు విడిచిపెట్టేస్తారేమోనన్న భయం, నిన్న దేవుడన్న మనిషిని ఇవాళ శత్రువనడం, పూటకో తీరుగా మారే మనసు, లోపలంతా ఖాళీ, పట్టలేని కోపం, తన్ను తాను గాయపరచుకోవడం. ఇలాంటివి తొమ్మిది రాసి, ఐదు కనిపిస్తే ఈ జబ్బు అనుకోమంటుంది అమెరికన్ల నిర్ధారణ పుస్తకం డీఎస్ఎం. 1938లో డాక్టర్ అడాల్ఫ్ స్టెర్న్ వాడిన పేరు 1980లో ఆ పుస్తకంలోకి ఎక్కింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలు చేస్తున్న వర్గీకరణ పాత విభాగాలన్నీ తీసేసి తీవ్రతను బట్టి చూడమంటూనే, బోర్డర్‌లైన్ తీరును మాత్రం గుర్తుపెట్టుకోమంది. కారణాలంటారా, పుట్టుకతో వచ్చే మెత్తదనం కొంత, చిన్నప్పుడు తగిలిన దెబ్బలు కొంత. కొందరిలో ఏ దెబ్బా కనిపించదు. ఇవన్నీ ఏ పాఠ్యపుస్తకంలోనైనా దొరుకుతాయి కనుక వదిలేస్తాను.

నేను ఈ వేదిక ఎక్కింది ఒక పాత తగవు తేల్చుకోవడానికి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు మనవాళ్ళు. ఈ సామెత ఇళ్ళ అరుగుల మీదే ఉండిపోతే నాకు తగవే లేదు. అది ఆసుపత్రి వార్డుల్లోకి వచ్చింది. రణస్థలం వైపు నుంచి ఒక తల్లి పురుగుమందు తాగిన కూతుర్ని తీసుకొచ్చి నాతో అంది: "దీని గుణవే అంత బాబూ. పుట్టుకతోటొచ్చినాది, పుడకల్తోటే పోతాది." ఆ తల్లి మీద నాకు కోపం లేదు, అలిసిపోయి అన్న మాట అది. అదే మాటను ఎండీ చదివిన నా సహోద్యోగి ఇంగ్లీషులో అన్నాడు: పర్సనాలిటీకి వైద్యం లేదు, రక్తపోటు కుదిరితే పంపించేయండి అని. వకీళ్ళు అదే మాటను విడాకుల అర్జీలో నయం కాని జబ్బుగా రాయించారు. అర్జీ రాసేవాళ్ళకు ఒక సంగతి గుర్తుచేస్తాను. 2013లో మన రాష్ట్రం నుంచి వెళ్ళిన కేసులో, స్కిజోఫ్రీనియా పేరు చెప్పి అడిగిన విడాకులనే సుప్రీం కోర్టు నిరాకరించింది. జబ్బు ఉందనడం చాలదు, ఎంత తీవ్రమో చూడాలంది. నాతో ఏళ్ళ తరబడి వాదిస్తున్న మిత్రులు ఈ సభలోనే ఉన్నారు. వాళ్ళకు ఇవాళ సావధానంగా జవాబు చెబుతాను.

బోస్టన్ పక్కన బెల్మాంట్‌లో మెక్లీన్ ఆసుపత్రి ఉంది. అక్కడ చేరిన రోగుల్లో ఈ జబ్బున్న 290 మందిని 1992 నుంచి మేరీ జనారిని బృందం రెండేళ్ళకోసారి కలుస్తూ వచ్చింది. వీళ్ళు స్వల్పంగా బాధపడేవాళ్ళు కారు, ఆసుపత్రిలో పడకెక్కినవాళ్ళు. పదేళ్ళయ్యాక చూస్తే 93 శాతం మంది కనీసం రెండేళ్ళ పాటు జబ్బు గీతకు కింద ఉన్నారు. 86 శాతం మందిలో ఆ మెరుగు నాలుగేళ్ళు నిలిచింది. ఇది ఒకే ఆసుపత్రి లెక్క అంటారేమో. జాన్ గండర్సన్ బృందం అమెరికాలోనే పలు చోట్ల 175 మందిని పదేళ్ళు చూసి 2011లో ఫలితం ప్రకటించింది. 85 శాతం మందికి తగ్గింది. తగ్గినవాళ్ళలో తిరగబెట్టింది 12 శాతం మందికే. డిప్రెషన్ ఇంతకంటే ఎక్కువసార్లు తిరగబెడుతుంది. అయినా డిప్రెషన్‌ను మనం జబ్బంటాం, దీన్ని గుణమంటాం.

మార్షా లైన్‌హన్ సంగతి కూడా చెప్పాలి. ఈ జబ్బుకు డీబీటీ అనే చికిత్సను నిర్మించింది ఆవిడే, దాని మొదటి పరీక్ష ఫలితాలు 1991లో వెలువడ్డాయి. 1961లో, 17 ఏళ్ళ వయసులో, హార్ట్‌ఫర్డ్‌లో ఒక ఆసుపత్రిలో తన్ను తాను కాల్చుకుంటూ, కోసుకుంటూ గడిపిన పిల్ల తనేనని ఆవిడ 2011లో అందరి ముందూ చెప్పింది. ఆ రోజు ఆ వార్డులో ఎవరైనా పుడకల సామెత చెప్పి ఆ పిల్లను వదిలేసి ఉంటే, ఆ వైద్యమే పుట్టేది కాదు.

మిత్రుల మొదటి అభ్యంతరం: అదంతా అమెరికా, మన పల్లెల్లో ఈ జబ్బే లేదు. లేదని ఎవరు లెక్కపెట్టారు? 2015-16లో నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది, అందులో ఆంధ్రప్రదేశ్ లేదు. పర్సనాలిటీ జబ్బులను పట్టుకునే ఇంటర్వ్యూ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షించినప్పుడు బెంగుళూరు కూడా ఒక కేంద్రం. 1994లో అచ్చయిన ఆ ఫలితాల్లో ఈ జబ్బులు ఇక్కడా కనిపించాయి. మన దగ్గర మణికట్టు మీద గాట్లు తక్కువ కనిపిస్తాయన్నది నిజమే. గాట్ల బదులు మనకేం కనిపిస్తుందో కాసేపట్లో చెబుతాను.

రెండో అభ్యంతరం బలమైనది. వాళ్ళకు వారం వారం కూర్చోబెట్టి మాట్లాడే నిపుణులున్నారు, మనకెక్కడున్నారు అంటారు. 1871లో వాల్తేరులో పెట్టిన మానసిక ఆసుపత్రికే ఇచ్ఛాపురం నుంచి ఇప్పటికీ రైలెక్కుతున్నాం, కాదనను. కానీ 2009లో షెల్లీ మెక్‌మెయిన్ టొరంటోలో చేసిన పరీక్ష చూడండి. 180 మందిలో సగానికి డీబీటీ, మిగతా సగానికి అనుభవమున్న సైకియాట్రిస్టు వారానికోసారి చూసే మామూలు పద్ధతైన వైద్యం. ఏడాది తిరిగేసరికి రెండు వర్గాలూ ఒకే తీరుగా బాగుపడ్డాయి. నాకిది పెద్ద ఊరట. జబ్బు పేరు దాచకుండా చెప్పడం, క్రమం తప్పకుండా చూడడం, ఇవాళ కోపం ఎందుకొచ్చిందో మనిషి జీవితంలోనే వెతకడం, ఉద్యోగమో పనో వదలవద్దని గట్టిగా చెప్పడం. వీటికి విదేశీ శిక్షణ అక్కర్లేదు. మందుల చీటీ పొడుగు పెంచడం కూడా అక్కర్లేదు. ఈ జబ్బుకంటూ ప్రత్యేకంగా మందులు వాడవద్దని, పక్కన డిప్రెషన్ లాంటిది ఉంటే దానికి వాడమని బ్రిటన్‌లో నైస్ సంస్థ 2009లోనే చెప్పింది. మన దగ్గర నాలుగేసి రకాల మాత్రలు నెలకు సరిపడా ఇచ్చి పంపుతున్నాం, రేపు రోగి మింగేది ఆ మాత్రలే కావచ్చని తెలిసి కూడా.

మూడోది: వయసు మీద పడితే అందరూ చల్లబడతారు, ఇందులో వైద్యం గొప్పేముంది? గొప్ప వైద్యానిదని నేననలేదు, తగ్గుతుందన్నాను. తగ్గేదే అయితే తగ్గేదాకా మనిషిని బతికించుకోవడం మన పని. మిత్రుల వాదం ఇక్కడికొచ్చేసరికి నా వైపే తిరుగుతుంది. మెక్లీన్‌లో 24 ఏళ్ళ లెక్కలో ఆత్మహత్యకు పోయినవాళ్ళు సుమారు 6 శాతం. మిగతావాళ్ళలో చాలామంది ఆ లోపల దాటుకొచ్చారు.

ఒక్కచోట మాత్రం మిత్రులతో ఏకీభవిస్తాను. లక్షణాలు తగ్గడం వేరు, బతుకు నిలదొక్కుకోవడం వేరు. అదే మెక్లీన్ లెక్కలో పదేళ్ళకు పనీ, ఒక నమ్మకమైన బంధమూ నిలబెట్టుకున్నవాళ్ళు సగమే. కోపం పోయాక కూడా ఆ మనిషికి వెళ్ళడానికి ఇల్లు లేకపోవచ్చు. చదువు ఆగిపోయి ఉంటుంది, ఊళ్ళో పేరు పడిపోయి ఉంటుంది. మనవాళ్ళు పట్టించుకోవలసింది ఇక్కడ.

ఇక గాట్ల బదులు మనకు కనిపించేదేమిటి? బోస్టన్‌లో ఆవేశపు క్షణంలో పిల్ల చేతికి అందేది బ్లేడు. పైడిభీమవరం దాటి ఏ ఊరికి వెళ్ళినా అందేది పురుగుమందు డబ్బా. ఆవేశం రెండు చోట్లా కొద్ది నిమిషాలదే. అక్కడ మచ్చ మిగులుతుంది, ఇక్కడ మనిషి మిగలదు. చనిపోవాలని గట్టిగా అనుకోని పిల్ల కూడా చనిపోతుంది. దీన్ని చూసి "నాటకం ఆడబోయి ప్రాణం మీదికి తెచ్చుకుంది" అంటారు. నొప్పి భరించలేని క్షణంలో చేసిన పనిని నాటకమనేవాళ్ళు, ఆమె బతికి బయటపడితే మళ్ళీ అదే మాట ముఖం మీద అంటారు. ఈసారి నిజంగానే అని చూపించాల్సిన అవసరం ఆమెకు కల్పిస్తున్నది ఆ మాటే. శ్రీలంక 1995 నుంచి అత్యంత విషపూరితమైన పురుగుమందులను ఒక్కొక్కటిగా నిషేధించింది. ఇరవై ఏళ్ళలో అక్కడ ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం పడిపోయింది. మనుషుల గుణం మారలేదు, చేతికందే వస్తువు మారింది. ఇంట్లో తాళం పెట్టెలిస్తే సరిపోతుందా అని అదే శ్రీలంకలో 180 ఊళ్ళలో చూశారు, 2017లో వచ్చిన ఫలితం లాభం లేదంది. తాళం చెవి ఇంట్లోనే ఉంటుంది కదా. డబ్బా ఇల్లు దాటాలి.

మన తీరానికే చెందిన సంగతి ఇంకొకటి. ఎచ్చెర్ల, రణస్థలం మండలాల మత్స్యకారులు ఏటా గుజరాత్‌లోని వీరావల్ వెళ్ళి నెలల తరబడి అక్కడి బోట్ల మీద పనిచేస్తారు. బోటు సముద్రంలో ఉన్నన్ని రోజులూ ఫోను మోగదు. మామూలు భార్య దిగులు పడుతుంది. ఈ జబ్బున్న భార్యకు ఆ మౌనం తీర్పులాగా వినిపిస్తుంది: విడిచిపెట్టేశాడు. ఒడ్డుకొచ్చి ఫోను చేసినవాడికి తిట్లు ఎదురవుతాయి, వాడు విసుగెత్తి పెట్టేస్తాడు, ఆ రాత్రి ఆసుపత్రికి ఆటో వస్తుంది. అలాంటి భర్తలకు నేను చెప్పేది చిన్న మాటే. బోటెక్కే ముందు ఏ రోజు దిగుతావో చెప్పు, దిగిన రోజు ముందు ఆమెకే చెయ్యి, తిట్టినా "రేపు ఏడింటికి చేస్తాను" అని చెప్పి పెట్టు, ఏడింటికి చెయ్యి. అత్తమామలకు ఇంకో మాట: "పుట్టింటికి పంపించేస్తాం" అని బెదిరించవద్దు. కోపంలో మీరన్నది ఆమె నిజంగానే వింటుంది. అలాగని అడిగిందల్లా ఇవ్వమనడం లేదు. ఇవ్వలేనిదాన్ని ప్రశాంతంగా కాదని చెప్పి, అక్కడే కూర్చోవడం. అది కష్టం. తల్లులు, భర్తలు అలిసిపోతారు, వాళ్ళకూ ఎవరైనా ఆసరా ఉండాలి. అర్ధరాత్రి ఎవరూ లేనప్పుడు 14416కు చేస్తే ప్రభుత్వ సహాయవాణి టెలిమానస్‌లో తెలుగులో మాట్లాడతారు. 2022 అక్టోబరు నుంచి అది నడుస్తోంది, డబ్బులు అక్కర్లేదు.

ఈ మధ్య నా రోజంతా తినేస్తున్న పనిలోకి ఇప్పుడు వస్తాను. చెన్నై, కొలంబోలతో కలిపి ఐదు దేశాల్లోని ఐదు చోట్ల ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక పరీక్ష చేసింది, ఫలితం 2008లో వచ్చింది. ఆత్మహత్యకు ప్రయత్నించి బతికిన 1867 మంది. సగానికి మామూలు వైద్యం. మిగతా సగానికి ఇంటికి పంపేముందు ఒక గంట మాట, ఆ తరవాత 18 నెలల్లో తొమ్మిదిసార్లు ఫోనో, ఇంటికెళ్ళి పలకరింపో. మామూలు వైద్యం పొందినవాళ్ళలో ఆత్మహత్యకు పోయినవాళ్ళు 2.2 శాతం, పలకరింపు దొరికినవాళ్ళలో 0.2 శాతం. అందులో అందరికీ బోర్డర్‌లైన్ లేదు. కానీ విడిచిపెట్టేశారన్న భయమే జబ్బుగా ఉన్న మనిషికి ఇంతకంటే సరిపోయే వైద్యం నాకు తెలియదు. మాత్ర కాదు, శస్త్రం కాదు, మళ్ళీ వస్తామని చెప్పి రావడం. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ కూడా, ప్రయత్నం చేసిన మనిషిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించమంది. మళ్ళీ జరగకుండా చూసే బాధ్యతను ప్రభుత్వం మీద పెట్టింది. ఆ బాధ్యత ఇప్పటికి డిశ్చార్జి కాగితంతోనే ముగిసిపోతోంది.

కొందరం కలిసి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో విషం తాగి బతికి బయటపడ్డవాళ్ళకు ఆ తొమ్మిది పలకరింపుల పద్ధతి మొదలుపెడుతున్నాం. పలకరించేవాళ్ళు ఎవరన్న దానిమీద మాలో వాదన నడిచింది. ఆశా కార్యకర్త ఆ వీధి మనిషే, ఆమెతో చెబితే ఊరంతా తెలుస్తుందని చాలామంది భయపడ్డారు. అందుకే పక్క ఊరి మనిషిని పంపాలనీ, తొమ్మిదిసార్లూ అదే మనిషి వెళ్ళాలనీ అనుకున్నాం. మనిషి మారితే ఈ రోగికి అదే మొదటి దెబ్బ. ఫోను నంబరు రాసుకునేటప్పుడు భర్తదీ మామగారిదీ కాకుండా రోగిదే రాసుకుంటాం, ఆమెకు ఫోను లేకపోతే ఆమె చెప్పిన మనిషిది రాసుకుంటాం. వస్తానన్న రోజు వర్షమొచ్చి వెళ్ళలేకపోతే ఆ రోజే కబురు పెట్టాలి, మర్నాడు కాదు. శిక్షణ ఈ ఊళ్ళోనే ఇస్తాం. రిటైరైన నర్సులు, ఏఎన్ఎంలు, టీచర్లు ఎవరైనా రావచ్చు. జబ్బు నుంచి తేరుకున్నవాళ్ళు వస్తే ఇంకా మంచిది, శిక్షణలో ముందు మాట్లాడించేది వాళ్ళనే. నాతో వాదించే మిత్రులు కూడా ఒక్కొక్కరు ఒక్క మనిషినైనా 18 నెలలు పలకరించి, ఆ తరవాత నాతో మళ్ళీ వాదించాలని కోరుతున్నాను. పేర్లు ఇవ్వదలచినవాళ్ళు సభ అయ్యాక నన్ను కలవండి.