ముసురులో ఉల్లికోడు

  వ్యవసాయ డిగ్రీ ముగించుకొని వెళ్తున్న మీకు పురుగుల సంగతి చెబుతాను.

నా ఉద్యోగమంతా వరి పురుగుల వెంట తిరగడమే. జగిత్యాల దగ్గరి పొలాస వ్యవసాయ పరిశోధనా స్థానంలో చేరిన కొత్తలో, శ్రావణం దాటాక, కోరుట్ల దగ్గర ఒక పొలానికి వెళ్లాను. రోజుల తరబడి ముసురు. ఒడ్డు మీద రైతు నిబ్బరంగా ఉన్నాడు. "ఇన్నొద్దుల ముసురుకు పురుగంత కొట్టుకపోయింది సారూ, ఇగ రంది లేదు" అన్నాడు. మడిలో దిగి, ఉల్లికాడలా గొట్టమై పాలిపోయిన పిలక ఒకటి పీకి, మొదట్లో గోటితో చీల్చాను. బియ్యపు గింజలో సగం కూడా లేని ఎర్రటి పురుగు మెల్లగా కదిలింది. పక్క పిలక కొనన ఖాళీ పొర ఒకటి తెల్లగా, సగం బయటికి పొడుచుకొని ఉంది. అందులోని ఈగ రాత్రి ముసురులోనే ఎగిరిపోయింది. రైతు ఆ పిలకను నా చేతిలోంచి తీసుకొని చూసి, ఇంకో నాలుగు తనే పీకి చీల్చాడు.

అదే ఉల్లికోడు. దోమలాంటి ఆ సన్నపు ఈగ వానలో ఎట్లా బతుకుతుంది? దోమ మీద జరిగిన పరీక్ష చెబుతాను. 2012లో అమెరికాలోని జార్జియా టెక్‌లో డేవిడ్ హూ, ఆండ్రూ డికర్సన్ అనే పరిశోధకులు అనాఫిలిస్ దోమల మీద నీటి చుక్కలు కురిపించి, హైస్పీడ్ కెమెరాతో చిత్రించారు. దోమ బరువు సుమారు 2 మిల్లీగ్రాములు. పెద్ద వానచుక్క దానికి 50 రెట్లు. అయినా దోమ చావలేదు. తేలిక కావడమే దానికి రక్ష. గాలిలో తేలే పత్తి పింజను పిడికిలితో గుద్దితే పిడికిలి వెంటే పోతుంది తప్ప నలగదు కదా! దోమ తగిలినా చుక్క వేగం పెద్దగా తగ్గదు, అందుకే దోమకు తగిలే దెబ్బ స్వల్పం. చుక్కతో పాటే తన ఒంటి పొడవుకు 20 రెట్ల దాకా కిందికి జారి, పక్కకు తప్పుకొని మళ్లీ ఎగురుతుంది. ఒంటి మీది నూగు నీటిని అంటనివ్వదు. నేలకు బాగా దగ్గరగా ఎగిరేటప్పుడే గండం. తప్పుకునేలోపే చుక్క దాన్ని నేలకేసి కొడుతుంది.

ఉల్లికోడుకైతే వాన వరమే. గుడ్డులోంచి వచ్చిన పిల్లపురుగు ఆకు మీది తడి వెంబడే పాకి పిలక మొదట్లోకి చేరుతుంది. తడి లేకపోతే దారిలోనే ఎండిపోతుంది. పేనుబంక లాంటివి గట్టి వానకు రాలిపోతాయి, నిజమే. అది చూసి అన్ని పురుగులకూ అదే లెక్క కట్టడం రైతుకు చెల్లుతుందేమో గానీ, మీకు చెల్లదు.

నా బెంగంతా ఇక్కడే. మీలో కొందరు మందుల దుకాణం పెడతారు, కొందరు కంపెనీల్లో చేరతారు. తప్పులేదు. కానీ ఫోనులో ఆకు ఫొటో చూసి మందు డబ్బా పేరు చెప్పేవాళ్లు అప్పుడే మీలో తయారయ్యారని విన్నాను. ఏమయ్యా, నాలుగేళ్లు చదివింది దీనికా? గొట్టం బయటికి కనబడిందంటే ఆ పిలక పోయినట్టే, కంకి వేయదు. దాని మీద మందు కొట్టి రైతు డబ్బు ఎందుకు తగలేస్తారు? పైగా ఉల్లికోడు గుడ్లలో తన గుడ్లు పెట్టి దాన్ని అణిచే ప్లాటీగాస్టర్ అనే కందిరీగ ఒకటుంది, ఆ ఈగకన్నా చిన్నది. మనకు మేలు చేసే ఆ ప్రాణి మందుకు చచ్చిపోతుంది. మీ చదువు దాన్ని కాపాడాలమ్మా!

పొలాసలో మా పెద్దలు మందు కోసం కాదు, విత్తనం కోసం వెతికారు. ఉల్లికోడును తట్టుకునే జగిత్యాల సన్నాలు, పొలాస ప్రభ అక్కడి మడుల్లోంచే వచ్చాయి. పురుగూ ఊరుకోలేదు. జగిత్యాల బయోటైపు, అంటే అక్కడి ఉల్లికోడు తెగ, వేరు; వరంగల్ బయోటైపు వేరు. ఒకచోట నిలిచిన రకం ఇంకోచోట లొంగిపోవచ్చు. అందుకే మడిలో దిగకుండా సలహా చెప్పొద్దంటున్నాను.

ఈ వానాకాలం రైతు మీ దగ్గరికి వస్తే ముందు కుర్చీ వేయండి. ఏ రకం వేశారు, నాట్లు ఎప్పుడు పడ్డాయి అని అడగండి. నాట్లు ఆలస్యమైన చోట ఉల్లికోడు ఎక్కువ. తర్వాత ఆయన వెంట పొలానికి వెళ్లి, పిలక పీకి, ఆయన కళ్ల ముందే చీల్చి చూపించండి. వాన పడుతోందని ఆగొద్దు. వెళ్లి రండి, బాగుండండి.