మట్టి యెద్దు



ఏరువాక పున్నమి గడచిన పదునైదవ దినమున, అనగా జ్యేష్ఠ బహుళ అమావాస్యనాడు, మన ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతముల రైతులు మట్టి యెద్దులను పూజించుట మీరెఱిగినదే. కన్నడ దేశమునకు పొరుగువారము గనుక మనలో అనేకులు దానిని మన్నెత్తిన అమావాస్య యనియే పిలుతురు. ఎత్తు అనగా ఆ భాషలో ఎద్దు. కుమ్మరులు జతలు జతలుగా చేసి అమ్ముదురు. పిల్లలు తామును చేసికొందురు. పూజ ముగిసిన పిమ్మట ఆ బొమ్మల సంగతి పెద్దలు విచారింపరు. నేనును విచారింపలేదు. ఒక బాలుని మూలమున విచారింపవలసి వచ్చినది. నేడు చెప్పబోవునది ఆ వృత్తాంతమే.

1996వ సంవత్సరమున నేను ఎమ్మిగనూరులో ఒక పాఠశాలయందు తెలుగు పండితుడను. ఎనిమిదవ తరగతి నా అధీనమున నుండెను. ఆ తరగతిలో ఒక నేతగాని కుమారుడు కలడు. 1938లో మాచాని సోమప్పగారు చేనేతకారుల సహకార సంఘమును నెలకొల్పిన ఊరు గదా, తరగతిలో సగము మంది మగ్గముల సవ్వడిలో పెరిగిన పిల్లలే. ఈ బాలునకు చదువు అంతంతమాత్రము. వ్రాతలో వత్తులు నిలువవు, పద్యము నోటికి రాదు. ఇంటికడ తల్లికి తోడుగా కండెలు చుట్టి ఆలస్యముగా బడికి వచ్చుచుండెను.

అమావాస్య మరునాడు వాని సంచిలో నా పాఠ్యపుస్తకము నడుమ తడి మట్టి యెద్దు కనబడెను. పుటలన్నియు బురదయయ్యెను. నాకు కోపము ఆగలేదు. ఆ బొమ్మను తీసి కిటికీ వెలుపలికి విసరివైచితిని. బాలుడు ఏడ్వలేదు, మాటాడలేదు. ఆ మౌనమును నేను మొండితనమని తలచితిని.

సాయంకాలము చిత్రలేఖనపు మాస్టరుగారు నా యొద్దకు వచ్చిరి. వారానికి ఒక్క గంట తరగతి గల ఉపాధ్యాయుడు. ఆ గంటను గూడ లెక్కల మాస్టరుకో నాకో అప్పుగా ఇచ్చుచుండువాడు. నాకన్న పిన్నవాడు, మిగుల నెమ్మదియైనవాడు. చేతిలో ఆ విరిగిన బొమ్మ వెనుక భాగము పట్టుకొని, "పండితులవారూ, ఈ కాలు ఒక్కసారి చిత్తగింపుడు" అనెను. చూచితిని. కాలు వలెనే యున్నది. "తక్కిన పిల్లలు నాలుగు కాళ్లను నాలుగు కట్టెలవలె పెట్టిరి. వీడొక్కడే వెనుక కాలిని వెనుకకు వంచినాడు. ఎవ్వరును చెప్పకయే చూచినాడు" అనెను.

శ్రోతలారా, అమరకోశమున వైశ్యవర్గమునందు ఎద్దునకు తొమ్మిది పేర్లు కలవు. పదియేండ్ల ప్రాయముననే అవి నాకు కంఠస్థము. కాని ఎద్దు వెనుక కాలు ఏ వైపునకు వంగునో ఆనాడు నన్నెవరైన అడిగియుండినచో చెప్పలేకపోయెడివాడను. ఇంటికి పోవుచు దారిలో నిలిచియున్న బండియొద్ద ఆగి చూచితిని. మోకాలు వెనుకకు తిరిగినట్లు కనబడెను. మాస్టరుగారిని అడుగగా, అది మోకాలు కాదనియు, మన మడమ వంటిదనియు, నిజమైన మోకాలు పైన పొట్ట దాపున దాగియుండుననియు చెప్పెను. ముందు కాలిలో మనము మోకాలనునది మన మణికట్టుకు సమానమట. ఎద్దు తన వ్రేళ్ల కొనలమీద నడచుచున్నదన్న మాట. ముప్పదియైదేండ్ల వయసు దాటిన తరువాత నాకు ఈ పాఠము.

అప్పటినుండి ఆ బాలుని పనిని నేనును గమనింపసాగితిని. చేసిన తప్పునకు ప్రాయశ్చిత్తమనుకొనుడు, కుతూహలమనుకొనుడు.

మొదట వానికి మట్టియే శత్రువైనది. పొలమునుండి నల్లరేగడి తెచ్చి చేసెను. రేగడి నీరు త్రాగినప్పుడు ఉబ్బును, ఎండినప్పుడు కుంచించుకొనును. వేసవిలో మన చేలు నెఱ్ఱెలు విచ్చుట అందులకే గదా. బొమ్మయు అట్లే నెఱ్ఱెలు విచ్చినది. కుమ్మరివాడలో ఒక వృద్ధుడు చెరువు ఒండ్రులో సన్నని ఇసుకయు, పొట్టు బూడిదయు కలిపి త్రొక్కుట చూపెను. బొమ్మ ఎండి నిలిచినది. దానిని ఆ వృద్ధుని ఆవములో పెట్టించిరి. మరునాడు తీయగా తల ఒకచోట, మూపురము ఒకచోట! వృద్ధుడు నవ్వి, "లోపల గట్టిగా చేసినావు నాయనా. కుండ ఎందుకు పగలదు? లోన ఖాళీ గనుక" అనెనట. పైకి ఎండినట్లున్నను దళసరి మట్టి గర్భమున తేమ నిలిచియుండును. నూరు డిగ్రీల వేడిమిలో అది ఆవిరియై వెలుపలికి దారి లేక బొమ్మను చీల్చును. అటుపిమ్మట సుమారు అయిదారువందల డిగ్రీల కడ మట్టి తనలో కలిసియున్న నీటిని గూడ విడిచి, మరల నీటిలో నానని వస్తువగును. ఈ రెండు గండములును గడచినదే బొమ్మ. తరువాత వాడు పొట్ట డొల్లగా, వ్రేలి మందమున గోడ ఉంచి, క్రింద చిన్న రంధ్రము విడిచి చేయ నేర్చెను.

కాళ్ల కష్టము మఱియొకటి. తడి మట్టి కాళ్లు పొట్ట బరువునకు క్రుంగును. ఆ సంవత్సరము పిల్లలను లేపాక్షికి విహారయాత్రగా తీసికొనిపోయితిమి. ఒకే రాతిని మలచిన ఆ నంది సుమారు 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. అందరును మెడలోని గంటల హారమును చూచుచుండగా వీడు నా చెవిలో, "అయ్యవారూ, అందుకే కూర్చోబెట్టినారేమో, కాళ్ల బాధ లేదు" అనెను. నాకు నవ్వు వచ్చెను. శిల్పి మనసు వేరుగా నుండియుండునని చెప్పబోయి ఊరకుంటిని. వాడు మాత్రము నంది పరుండబెట్టలేదు. పొట్ట క్రింద మట్టి దిమ్మ నిలిపి, కాళ్లు బిగిసిన పిమ్మట దానిని మెల్లగా తొలగించెను.

తరువాత కురువల గొర్రె. దాని ఉన్నిని ఒక్కొక్క గీతగా పుల్లతో గీయగా చాప వలె కనబడెను. నాలుగు గొర్రెలు పాడుచేసి, అయిదవదానిమీద తడి ఆరకముందే ముదుక గొంగడి పేలిక అద్ది తీసెను. ఉన్నియే! నేతవారి బిడ్డకు గాక ఆ యుక్తి ఇంకెవనికి తోచును? కుక్క, ఎనుము, కోడి గూడ చేసెను. కోడి మాత్రము ఎన్నటికిని కుదరలేదు.

ఇది పిల్లవాని వినోదమని మీలో కొందరు తలపవచ్చును. మనకు పొరుగున రాయచూరు జిల్లాలోని పిక్లిహాళ్‌లో ఆల్చిన్ అను ఆంగ్లేయ పురాతత్త్వవేత్త జరిపిన త్రవ్వకములలో కొత్తరాతియుగపు మట్టి యెద్దులు దొరకినవి. బళ్లారి దాపున కుప్పగల్లు కొండ బండలమీద మూపురము గల ఎద్దుల రూపములు ఆనాటివారు పొడిచి దిద్దినవి నేటికిని కలవు. మన పెద్దలు రాక్షసుల చితాభస్మమని చెప్పుకొను బూడిద దిబ్బలు పశువుల దొడ్లలో పేడ కాలగా ఏర్పడినవని ఆల్చిన్ గారే 1957లో పాలమూరు జిల్లా ఉట్నూరు కడ త్రవ్వి చూపిరి. అచ్చట పశువుల గిట్టల గుర్తులు గూడ నిలిచియున్నవి. నాలుగువేల యేండ్లకు పైబడిన మాట. అక్షరము మన సీమకు రాకమునుపే మన సీమవారు మట్టితో ఎద్దును వ్రాసిరి. అక్షరమే విద్యయని నమ్మిన నాకు ఈ మాట మింగుడుపడుటకు కొంత కాలము పట్టినది.

1997 జనవరిలో నీలకంఠేశ్వరస్వామి జాతర వచ్చెను. రథోత్సవము పిమ్మట పశువుల సంత. బాలుడు రెండు దినములు బడికి రాలేదు, ఇంటను లేడు. సంతలో ఎద్దుల నడుమ కూర్చుండి, దారము ముక్కతో తల పొడవు కొలిచి, ఆ తలకు మెడ యెంత, వెన్ను యెంత అని ముడులు వేసికొనుచుండెను. తాలమానము పేరైన వాడు వినియుండలేదు. తండ్రి పట్టి తెచ్చి, బడి మాన్పింతునని మా యెదుట నిలిచెను.

"అయ్యవారూ, రెండు దినాల కండెలు పోయె. మగ్గం నిల్చిపోయె. మట్టెద్దు మడక లాగుతుందా? వీడు ఈ మట్టి పిసుక్కుంటే ఇంట్లో కూడెట్లా?" అనెను.

ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకుండెను. ఇప్పటికిని సంపూర్ణముగా లేదు. 1937లో వార్ధాలో గాంధీగారు చేతిపనిమూలముగా విద్య గరపవలెనని చెప్పిన సంగతి నోటికి వచ్చినది గాని, నిలిచిపోయిన మగ్గము ముందర ఆ మాట ఏమి పలుకుదును? మాస్టరుగారు ఏమియు వాదింపక, కాలిన ఎద్దునొకదానిని తెచ్చి ఆయన చేతిలో పెట్టెను. ఆయన త్రిప్పి త్రిప్పి చూచెను. కుడి కొమ్ము కొంచెము వాలి, గంగడోలు ఒక ప్రక్కకు మడతపడి యున్నది. చాలసేపటికి, "ఇది మా వీధి చివరి రైతు ఎద్దు కదా! దీని కొమ్ము ఇట్లే ఉంటుంది" అనెను. తరువాత బొమ్మను నాకు గాక కొడుకు చేతికే ఇచ్చి, "తెల్లవారి రెండు గంటలు కండెలు చుట్టు. మిగిలింది నీ ఇష్టం" అని వెడలిపోయెను.

బాలుడు పదవ తరగతి ముగించెను. తెలుగులో ఉత్తీర్ణుడగుటకు కావలసిన మార్కులకు రెండే ఎక్కువ. మద్రాసు కళాశాలకు గాని మఱి యెచ్చటికి గాని పోలేదు. పంపుటకు మా యొద్ద ధనము లేదు, ఆ ఇంట ధైర్యము లేదు. ఇది నాకు నేటికిని వెలితియే. ఒక గంట తరగతి అప్పుగా తీసికొన్న దినములు గూడ తలపునకు వచ్చుచుండును. నేడు వాడు మగ్గముమీదనే యున్నాడు. నేతలో అంచులకు ఎద్దుల వరుస వేయునని విని చూడబోయితిని. వెనుక కాళ్లు సరిగానే యున్నవి.

నేను ఉద్యోగవిరమణ చేసి ఆదోనికి వచ్చిన తరువాత, ఏటేట అమావాస్యకు ఒక జత మట్టి యెద్దులు నా యింటికి పంపుచున్నాడు. నిరుడు వానితో ఒక కోడిని గూడ పంపెను. కోడి ఇంకను కుదరలేదు.