ఒక ‘తెలియదు’ విలువ



కెనడాలో, సస్కాచెవాన్ ఉత్తరాన చర్చిల్ అనే నది ఉంది. సుమారు 1,600 కిలోమీటర్లు ప్రవహించి హడ్సన్ అఖాతంలో కలుస్తుంది. అక్కడి క్రీ జాతివారు దాన్ని ‘మిస్సినిపి’ అంటారు, అంటే పెద్ద నీరు. ఓ సరస్సు, రాళ్ళ మీద ఉరికే వడి, మళ్ళీ సరస్సు. అదీ దాని నడక.

చేపలు పట్టడానికి నేనూ, ఓ మిత్రుడూ కెనూలో వెళ్ళాం. వడి దిగువన సుడి తిరిగే నీళ్ళలో వాల్‌ఐ చేప పడుతుంది. నాచు పెరిగిన మూలల్లో పైక్ ఉంటుంది. అది దారం కొరికేస్తుంది కనుక గాలం ముందు ఉక్కు తీగ కట్టాలి.

మూడో రోజు ఒక వడి ముందు ఆగాం. “ఇంజనీరువి కదా, కెనూలోనే దిగిపోవచ్చా?” అన్నాడు మిత్రుడు. ‘దిగుదాం’ అన్న మాట నోటిదాకా వచ్చింది. కానీ మలుపు అవతల ఏముందో కనబడటం లేదు.

అప్పుడు మన సైన్సు మాస్టారు గుర్తొచ్చారు. ఏడో తరగతిలో నేనడిగిన ప్రశ్నకు, అందరి ముందూ “నాకు తెలియదురా, చూసి రేపు చెప్తా” అన్నారు. మర్నాడు చెప్పారు కూడా.

“నాకు తెలియదు” అన్నాను. కెనూను బోర్లించి భుజాలకెత్తుకుని, దోమలు పీకుతుంటే అడవి బాటన నడిచాం. పైనుంచి చూస్తే, మలుపు అవతల నదికి అడ్డంగా పడిన పెద్ద చెట్టు. నీళ్ళన్నీ దాని కిందుగా దూసుకుపోతున్నాయి.

మాస్టారూ, ఆనాడు మీరు తెలియదన్నారు కనుకే ఈరోజు మీ ముందు నిలబడి ఉన్నాను. సెలవు.