ఫిరౌన్ల శిథిలాలు – కూలివాని హక్కు

సర్వస్తోత్రాలు సకల లోకాల ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. అంతిమ దైవప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైన, ఆయన కుటుంబీకులపైన, సహచరులందరిపైన అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక!

ప్రియ ధార్మిక సోదరులారా! అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండమని మీకంటే ముందు నా ఆత్మకే బోధించుకుంటున్నాను. ప్రతి శుక్రవారం చెప్పే మాటే అయినా, ఈ రోజు దాన్ని ఆనవాయితీగా చెప్పడం లేదు. నేటి ప్రసంగానికి మూలం నా స్వంత తప్పిదం.

భూమిలో సంచరించి, పూర్వ జాతుల పర్యవసానం ఏమయిందో చూడమని దివ్య ఖుర్ఆన్ అనేక చోట్ల మనల్ని పురికొల్పుతుంది. గత శీతాకాలంలో అల్లాహ్ అనుగ్రహంతో మా కుటుంబానికి ఉమ్రా భాగ్యం లభించింది. గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తున్న మా పెద్దబ్బాయి తిరుగు ప్రయాణంలో ఈజిప్టు దేశం కూడా చూపిస్తానన్నాడు. నేను, నా భార్య, డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, అతడు – నలుగురమూ లక్సర్ నగరం చేరాము. అక్కడ శిథిలాలు చూసి, ఓడలో నైలు నదికి ఎదురుగా రెండు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి అస్వాన్ చేరాలన్నది మా ఏర్పాటు.

ఇలాంటి స్థలాలకు వెళ్ళడానికి ఒక మర్యాద ఉంది. తబూక్ ప్రయాణంలో సమూద్ జాతి నివసించిన హిజ్ర్ ప్రాంతం మీదుగా వెళ్ళినప్పుడు, ఆ శిథిలాల మధ్యకు కన్నీటితో తప్ప ప్రవేశించవద్దని దైవప్రవక్త (స) తన సహచరులకు బోధించారు. ఆ మాట మా వాళ్ళకు గుర్తు చేసి బయలుదేరాను. కాని ఆ మర్యాదను మొదటగా మరచినవాణ్ణి నేనే.

కర్నక్ ఆలయంలో ఒక్క మంటపంలోనే 134 రాతి స్తంభాలు ఉన్నాయి. నడుమనున్న పన్నెండు స్తంభాల ఎత్తు దాదాపు 21 మీటర్లు. తల ఎత్తి చూస్తే మెడ నొప్పి పుడుతుంది. అక్కడికి కొంత దూరాన ఉన్న లక్సర్ ఆలయంలో ఒక వింత చూశాము. ఆలయం చాలావరకు మట్టిలో కూరుకుపోయి ఉన్న కాలంలో ఆ మట్టిపైన అబుల్ హజ్జాజ్ మస్జిద్ నిర్మించారు. తరువాతి త్రవ్వకాలలో మట్టి తొలగించేసరికి ఆ మస్జిద్ పాత ద్వారం నేలకు ఎన్నో మీటర్ల ఎత్తున, గోడలో అలాగే మిగిలిపోయింది. చక్రవర్తుల వైభవంపై కాలం ఎంత మట్టి పోసిందో చెప్పడానికి ఆ ద్వారమే కొలమానం. ఆ మస్జిద్‌లో ఈనాటికీ నమాజు జరుగుతోంది. మేమూ అక్కడ ప్రయాణికుల నమాజు చేసుకున్నాము. “ఫిరౌన్లు పోయారు, అల్లాహ్ పేరు నిలిచింది” అనుకుంటూ బయటికి వచ్చాను. ఆ మాట సత్యమే. కాని ఆ క్షణాన నా మనస్సులో ఉన్నది భయం కాదు, గర్వం. ఫిరౌన్ ఎవరో దూరపు మనిషి, మనకు అతనితో నిమిత్తం లేదన్న ధీమా.

మరునాడు నైలు పడమటి ఒడ్డుకు వెళ్ళాము. రాజుల సమాధులున్న లోయకు సమీపంలో దైరుల్ మదీనా అనే చిన్న ఊరి పునాదులు ఉన్నాయి. దాదాపు డెబ్భై ఇళ్ళు. ఇరుకు గదులు, మోకాలి ఎత్తు గోడలు. రాజుల సమాధులను కొండలో తొలిచి, గోడలకు రంగులు దిద్దిన పనివారు భార్యాబిడ్డలతో ఇక్కడే నివసించారు. వారికి నెలనెలా జీతం ధాన్యం రూపంలో కొలిచేవారు. రొట్టెకు గోధుమలు, పానీయానికి బార్లీ.

మా మార్గదర్శి అరబీలో వివరిస్తున్నాడు. నా భార్యకు, పిల్లలకు నేను మన భాషలో చెబుతున్నాను. అతడు చెప్పిన సంగతి ఇది: మూడవ రామెసెస్ అనే రాజు ఏలుబడి 29వ సంవత్సరంలో, అంటే నేటికి మూడు వేల సంవత్సరాలకు పైబడిన కాలంలో, ఈ పనివారికి ధాన్యం అందడం ఆలస్యమైంది. రోజులు గడిచాయి. ఒకనాడు వారంతా పనిముట్లు వదిలేసి, కావలి గోడలు దాటి వెళ్ళి, ఒక ఆలయం వెనుక కూర్చున్నారు. ఆకలిదప్పులే తమను ఇక్కడికి తెచ్చాయని, తమకు బట్ట లేదు, చేప లేదు, కూర లేదని, ఈ సంగతి రాజుకు వ్రాయమని అధికారులతో చెప్పారు. చివరకు ధాన్యం ఇచ్చారు గాని, మళ్ళీ మళ్ళీ ఆలస్యమవుతూనే ఉంది. ఈ వృత్తాంతమంతా వ్రాసిన పత్రం నేడు ఇటలీలోని ట్యూరిన్ వస్తుప్రదర్శనశాలలో ఉంది. పనివారు కూలి కోసం పని మానేసినట్లు లిఖితపూర్వకంగా తెలిసిన తొలి సంఘటన ఇదేనంటారు.

సోదరులారా! ఫిరౌన్ అన్నది ఒక్క మనిషి పేరు కాదు, ఆ దేశపు రాజులకు వాడుకైన బిరుదు. మూసా (అలైహిస్సలాం) కాలంనాటి ఫిరౌన్ ఏ రాజో ఖుర్ఆన్ పేరు పెట్టి చెప్పలేదు. కనుక ఈ రాజే ఆ ఫిరౌన్ అని నేను అనడం లేదు. నేను చెప్పేది వేరు. ఆ పనివారి మొర నా నోటితోనే నా కుటుంబానికి అనువదించాను. అనువదిస్తూ ఉండగానే నా గొంతు తడబడింది. కారణం మా అమ్మాయికి తెలుసు.

ఆ సాయంత్రం ఓడ బయలుదేరింది. పైఅంతస్తులో కూర్చున్నాము. ఇరువైపులా ఖర్జూర చెట్లు, చెరకు తోటలు, వాటి వెనుక ఎడారి. చుట్టూ ప్రశాంతంగా ఉంది. అప్పుడు మా అమ్మాయి నెమ్మదిగా అడిగింది: “అబ్బాజాన్, మన మేస్త్రీ బాకీ ఇచ్చేశారా?”

మా ఇంటి మేడమీద గది కట్టిన తాపీ మేస్త్రీకి నేను 22 వేల రూపాయలు బాకీ. పని ముగిసి నాలుగు నెలలు దాటింది. “పైకప్పు కారుతుందేమో, వానలు వెళ్ళనివ్వు” అన్నాను. వానలు వెళ్ళాయి. చుక్క కూడా కారలేదు. ఆ తరువాత అతడు వచ్చినప్పుడు “ఉమ్రా నుండి రానివ్వు” అన్నాను. ఆ రోజు గుమ్మంలో నిలబడ్డ అతనికి మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది మా అమ్మాయే. డబ్బు నా దగ్గర లేక కాదు. బ్యాంకులో ఉంది. ప్రయాణంలో అవసరపడుతుందని ఉంచుకున్నాను.

“ఇక్కడ ఆ ప్రస్తావన ఎందుకమ్మా?” అన్నాను. ఆమె మారు మాట్లాడలేదు.

ఖుర్ఆన్‌లోని జుఖ్రుఫ్ అధ్యాయంలో ఫిరౌన్ తన ప్రజల ముందు పలికిన ప్రగల్భం ఉంది. ఈజిప్టు రాజ్యం తనదని, ఈ నదులు తన క్రిందనే ప్రవహిస్తున్నాయని అతడు గొప్పలు చెప్పుకున్నాడు. ఎన్నోసార్లు ఆ వాక్యాన్ని బోధించాను. ఆ రాత్రి ఇస్నా వద్ద జలద్వారం దాటడానికి ఓడలు వరుసలో ఆగి ఉన్నాయి. నిద్రపట్టక ఒడ్డు వైపు చూస్తూ కూర్చున్నాను. నా క్రింద అదే నది ప్రవహిస్తోంది. పైన నేను, ఒక కూలివాని సొమ్ముతో కూడిన జేబుతో కూర్చుని ఉన్నాను.

దైవప్రవక్త (స) పలుకులు ఒక్కొక్కటిగా గుర్తుకు వచ్చాయి. కూలివాని చెమట ఆరకముందే అతని కూలి ఇచ్చివేయమన్నారు. ఇవ్వగలిగే స్తోమత ఉండి కూడా బాకీ వాయిదా వేయడం దౌర్జన్యమన్నారు. ప్రళయదినాన ముగ్గురికి వ్యతిరేకంగా స్వయంగా తానే ప్రతివాదిగా నిలుస్తానని అల్లాహ్ అన్నట్లు తెలియజేశారు. ఆ ముగ్గురిలో ఒకడు, కూలివానిచేత పూర్తిగా పని చేయించుకుని కూలి ఇవ్వనివాడు. ఆలోచించండి! ఏ న్యాయస్థానంలో అల్లాహ్‌యే న్యాయమూర్తియో, అక్కడ ఆయనే ప్రతివాదిగా నిలిస్తే మన తరఫున మాట్లాడేదెవరు?

మరొక సంగతి కూడా మనస్సును కలచివేసింది. ఫిరౌన్‌ను ఎదిరించిన మూసా (అలైహిస్సలాం) ఎవరు? ఆయన కూలి చేసి బ్రతికిన మనిషి. మద్‌యన్‌లో నిలువ నీడ లేని పరదేశిగా ఇద్దరు ఆడపడుచుల పశువులకు నీళ్ళు తోడిపెట్టారు. ఆయన కూలి అడగలేదు. అయినా ఆ వృద్ధుడు తన కుమార్తెను పంపి, ఆ శ్రమకు ప్రతిఫలం ఇవ్వడానికి ఆయనను పిలిపించాడు. ఆ తరువాత ఎనిమిదేళ్ళ పని, ఇష్టమైతే పదేళ్ళు అని ముందుగానే గడువు నిర్ణయించి, ఆయనకు కష్టం కలిగించనని మాట ఇచ్చాడు. ఖసస్ అధ్యాయం ఆరంభంలో బలహీనులను అణచివేసిన ఫిరౌన్ ఉన్నాడు. అదే అధ్యాయంలో, అడగని కూలిని పిలిచి ఇచ్చిన ఈ వృద్ధుడు కూడా ఉన్నాడు. మనం ఎవరి పక్షమో మన నాలుక తేల్చదు, మన చెల్లింపులు తేలుస్తాయి.

ఫజ్ర్ నమాజు చేసి మా తమ్మునికి ఫోను చేశాను. మా ఊళ్ళో జుహ్ర్ వేళకు ముందే ఆ సొమ్ము మేస్త్రీ చేతికి అందింది.

రెండు రోజుల తరువాత కోం ఓంబో ఆలయంలో, నది వరద మట్టాన్ని కొలిచే పాత బావి చూశాము. నీరు ఎంత పెరిగితే పంట అంత, పన్ను అంత. రావలసినదాన్ని ఇంత జాగ్రత్తగా కొలిచే పాలకుల దేశంలోనే, ఇవ్వవలసిన ధాన్యం కోసం పనివారు రోడ్డున కూర్చోవలసి వచ్చింది. ఇది ఫిరౌన్ల రోగం మాత్రమేనా? మనకు రావలసిన అద్దె ఒకటో తారీఖు దాటితే మనం ఊరుకుంటామా?

ఇంటికి రాగానే మేస్త్రీ ఇంటికి వెళ్ళాను. అతడు మన ధర్మానికి చెందినవాడు కాదు. కూలివాని హక్కు అడగడానికి అతని ధర్మంతో పని లేదు. క్షమించమని అడిగాను. అతడు నొచ్చుకుని, “అయ్యా, మీరు ఇస్తారని నాకు తెలుసు. కాని బియ్యం కొట్టువానికి తెలియదు కదా” అన్నాడు. ఆ మాటలో నింద లేదు. నా నాలుగు నెలల వాయిదా అతని వంటింటికి ఎలా చేరిందో అందులో ఉంది.

సోదరులారా! నమాజు ముగిశాక ఒక్కసారి లెక్క చూసుకోండి. ఇంట్లో అంట్లు తోమే అమ్మకు సెలవు రోజుల పేరిట కోసుకున్న డబ్బు ఉందా? దుకాణంలోని కుర్రవానికి పండుగ దాటాక ఇస్తామన్న జీతం ఉందా? ఆటో నడిపేవానికి, ఇస్త్రీ చేసేవానికి, పొలంలో కోతకు వచ్చినవారికి రేపు అన్న మాట మిగిలి ఉందా? మస్జిద్ కమిటీ పెద్దలు కూడా గమనించండి: మనల్ని తెల్లవారుజామున నమాజుకు పిలిచే ముఅజ్జిన్ గారి జీతం నెల మొదట్లో అందుతోందా? పని మొదలు కాకముందే కూలి నిశ్చయించండి. పని ముగిసిన రోజే ఇవ్వండి. ఆలస్యమైతే మీరే అతని గుమ్మానికి వెళ్ళండి, మీ గుమ్మానికి అతన్ని తిప్పుకోవద్దు.

విహారయాత్రలకు వెళ్ళండి. కుటుంబంతో ఆనందించండి. అల్లాహ్ దాన్ని నిషేధించలేదు. కాని సామాన్లు సర్దుకునే ముందు బాకీలు సర్దండి. నేను ఆ పని తారుమారు చేశాను.

ఓ అల్లాహ్! మా చేతుల్లో చిక్కుకున్న ఇతరుల హక్కులను మరణానికి ముందే తిరిగి ఇచ్చే సద్బుద్ధి ప్రసాదించు. బలహీనుల పట్ల మా హృదయాల్లో దాగిన ఫిరౌన్ గుణాన్ని తొలగించు. మా తప్పులను గుర్తు చేసే సంతానాన్ని మాకు కనుచలువగా చేయి. మమ్మల్ని, మా తల్లిదండ్రులను, విశ్వాసులందరినీ క్షమించు. ఆమీన్.