కన్నీటి పాటకు హుషారు బాణీ

విశాఖకూ జపాన్‌కూ మధ్య ఒక చేదు జ్ఞాపకం ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఈ ఊరి మీద బాంబులు వేశాయి. ఇరవయ్యేళ్లు తిరక్కముందే, 1960లో, బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవు మీదుగా జపాన్ ఉక్కు కర్మాగారాలకు అమ్మే ఒప్పందం కుదిరింది. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం అందుకోసం వేసిందే.

ఆ ఒప్పందం కుదిరిన మరుసటి ఏడాదే జపాన్‌లో ఒక పాట పుట్టింది. రాసింది రోకుసుకే ఏయి, బాణీ కట్టింది హచిదాయి నకమురా, పాడింది క్యూ సకమోతో. కన్నీళ్లు జారిపోకుండా తలెత్తుకుని నడుద్దామన్నది దాని భావం. అమెరికాతో భద్రతా ఒప్పందం వద్దంటూ సాగిన ఉద్యమం విఫలమైన నిరాశలో ఏయి దీన్ని రాశాడు. అయినా పాటలో రాజకీయం ఊసే లేదు. అందుకే ఎవరి దుఃఖానికైనా సరిపోతుంది.

మాటల్లో ఒంటరితనం, బాణీలో హుషారు. అడుగులు వేయించే నడక, మధ్యలో తేలికగా ఓ ఈల. 'సుకియాకి' పేరుతో 1963 జూన్‌లో అమెరికా బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి చేరి, మూడు వారాలు అక్కడే నిలిచింది.

1985 ఆగస్టు 12న విమాన ప్రమాదంలో పోయిన 520 మందిలో సకమోతో ఒకడు. 2011 సునామీ తర్వాత జపనీయులు మళ్లీ ఈ పాటనే అందుకున్నారు. అంతిమయాత్ర ముందు డప్పు జోరుగా మోగే మన పల్లెలకు ఈ హుషారు బాణీలో వింతేమీ కనిపించదు. దుఃఖంలోనూ కాలు కదలాలి కదా!