స్ప్రెడ్‌షీట్ నుంచి ప్రాజెక్టు ప్రణాళికలోకి



ఎక్సెల్‌లో పట్టిక వేయడం మీలో చాలామందికి వచ్చు. మార్కుల జాబితా, హాస్టల్ మెస్ లెక్క, కాలేజీ వార్షికోత్సవం చందాలు, ఏదో ఒకటి మీరు వేసే ఉంటారు. అటువంటి పట్టికను మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ వంటి ప్రణాళికా సాఫ్ట్‌వేర్‌లోకి ఎలా తీసుకువెళ్లాలన్నది ఈనాటి పాఠం. మీటలు నొక్కే పని పది నిమిషాల్లో వస్తుంది. చిక్కంతా తేదీల దగ్గరే ఉంది. పట్టికలో తేదీని మనం రాస్తాం. ప్రాజెక్ట్‌లో తేదీని యంత్రం లెక్కకట్టి చెబుతుంది. ఈ తేడా తెలియక తేదీలను కూడా మోసుకుపోయినవారికి అందమైన బొమ్మ మిగులుతుంది గాని, ప్రణాళిక మిగలదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఛత్తీస్‌గఢ్ రాజధాని రాయపూర్‌లో, బలోదాబజార్ వెళ్లే రోడ్డు మీద మోవా అనే ప్రాంతం ఉంది. రాయపూర్‌లో తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. అలాంటి ఒక కుటుంబం మోవాలో ఇల్లు కట్టుకుంటున్నదనీ, ఆ ఇంటి అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతున్నదనీ ఊహించుకోండి. నాన్నగారు ఎక్సెల్‌లో పనుల పట్టిక వేసి ఉంచారు. పునాది తవ్వకం 4 రోజులు, పునాది కట్టుబడి 10, పిల్లర్లు 12, స్లాబు సెంట్రింగు 8, కడ్డీలు కట్టడం 5, కాంక్రీటు పోయడం 1. మొత్తం 40 పనిదినాలు. పని 2026 ఏప్రిల్ 20, సోమవారం నాడు మొదలు. రాయపూర్‌కు రుతుపవనాలు మామూలుగా జూన్ నెల మధ్యలో వస్తాయి. స్లాబు ఆ లోపల పడాలి. ఇంట్లో అందరి బెంగా అదే.

అమ్మాయి పట్టికను ఉన్నదున్నట్టు తెచ్చి ప్రాజెక్ట్‌లో పడేసిందనుకోండి. ఏమవుతుంది?

మొదట తేదీల రాత. మనం రోజు, నెల, సంవత్సరం అనే వరుసలో రాస్తాం. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో అమర్చి ఉంటే నెలను ముందు చదువుతుంది. అప్పుడు స్లాబు పోసే 04/06/2026 అనే జూన్ 4, నోరు మెదపకుండా ఏప్రిల్ 6 అయిపోతుంది. తవ్వకం మొదలుకాకముందే స్లాబు! పని మొదలయ్యే 20/04/2026 సంగతి ఇంకో రకం. ఇరవయ్యో నెల లేదు కాబట్టి ఎక్సెల్ దాన్ని తేదీగా ఒప్పుకోక, ఉత్త అక్షరాలుగా వదిలేస్తుంది. ఒక చిన్న గుర్తు చెబుతాను. గడి అమరికను మీరు మార్చకపోతే నిజమైన తేదీ గడిలో కుడివైపుకు ఒదిగి ఉంటుంది, అక్షరాలు ఎడమవైపుకు ఉంటాయి. ఎక్సెల్ దృష్టిలో నిజమైన తేదీ ఒక అంకె మాత్రమే. 1900 జనవరి 1ని ఒకటిగా పెట్టుకొని లెక్కిస్తుంది. ఆ లెక్కన 2026 ఏప్రిల్ 20 అంటే 46132.

ఎక్సెల్ ఇలా తనంతట తాను అర్థం చెప్పుకోవడం చిన్న సంగతి కాదు. ‘మార్చ్1’, ‘సెప్ట్1’ అనే పేర్లున్న మానవ జన్యువులు ఉండేవి. శాస్త్రవేత్తలు ఆ పేర్లు టైపు చేస్తే ఎక్సెల్ వాటిని మార్చి 1, సెప్టెంబరు 1 చేసేది. పరిశోధన పత్రాల్లోకి కూడా ఆ తప్పులు పాకాయి. చివరకు 2020 నాటికి జన్యువుల పేర్లు నిర్ణయించే సంఘమే దిగివచ్చి ఆ పేర్లు మార్చింది. అప్పటికి సాఫ్ట్‌వేర్ మారలేదు, జన్యువు పేరు మారింది!

మన పట్టికలోనూ ఇలాంటి గడి ఒకటి ఉంది. ఏ పని తరువాత ఏ పని అన్నది చెప్పే వరుస అది. ప్రాజెక్ట్‌లో దాని పేరు ప్రెడెసెసర్స్. పెద్ద ప్రణాళికలో ఒక పని 12వ పని, 134వ పని రెండూ అయ్యాక మొదలవ్వాలనుకోండి. మీరు 12,134 అని కొడతారు. ఎక్సెల్ దాన్ని పన్నెండువేల నూట ముప్పైనాలుగు అనుకుంటుంది. కనుక టైపు చేయడానికి ముందే ఆ నిలువు వరుసను టెక్స్ట్‌గా మార్చండి. ఇంకో సంగతి. పట్టికలో మొదటి అడ్డువరస శీర్షికలది. మీ మొదటి పని రెండో వరుసలో ఉంటుంది, ప్రాజెక్ట్ మాత్రం దానికి 1వ నంబరు ఇస్తుంది. ఎక్సెల్ అంచున కనబడే వరుస నంబర్లు చూసి ముందుపనులు రాస్తే లంకెలన్నీ ఒక మెట్టు తప్పుతాయి. మీ సొంత క్రమసంఖ్యల వరుస ఒకటి పెట్టుకోండి. పట్టిక అడుగున ‘మొత్తం’ అనే వరుస ఉంటే తీసేయండి, లేకపోతే అదీ ఒక పని అయి కూర్చుంటుంది. ఖర్చు గడిలో ‘2 లక్షలు’ అని కాక 200000 అని అంకెల్లోనే రాయండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పనుల మధ్య లంకెలు లేకుండా మొదలు తేదీలను మాత్రమే తీసుకువెళ్లారనుకోండి. ప్రాజెక్ట్ ప్రతి తేదీకీ ‘ఇంతకు ముందు మొదలుకాకూడదు’ అనే షరతు తగిలిస్తుంది. మోవాలో పునాది తవ్వుతుంటే సున్నపురాయి తగిలింది. రాయపూర్ చుట్టుపక్కల నేలలో అది ఉన్నదే, సిమెంటు కర్మాగారాలు ఆ ప్రాంతానికి వచ్చిందీ దానికోసమే. నాలుగు రోజుల తవ్వకం పదిరోజులయింది. తెరమీద తవ్వకం గీత ఒక్కటే సాగింది. స్లాబు జూన్ 4 దగ్గరే నిలబడి ఉంది. ఇంటివాళ్లు నిశ్చింతగా ఉన్నారు. ఇంతకన్నా ప్రమాదకరమైన నిశ్చింత ఇంకేముంది? లంకెలు ఇచ్చి, తేదీలు కూడా తెచ్చినా ఇబ్బందే. ఆలస్యమైతే పనులు వెనక్కి జరుగుతాయి గాని, తవ్వకం ఒకవేళ రెండు రోజుల్లోనే అయిపోతే తరువాతి పనులు ముందుకు రావు. షరతు అడ్డుపడుతుంది.

కాబట్టి తీసుకువెళ్లవలసినవి పని పేరు, పట్టే రోజులు, ముందుపని. ఉపపనులు ఉంటే వాటి స్థాయిని తెలిపే అవుట్‌లైన్ లెవెల్ వరుస కూడా ఉండాలి. ఖాళీలు కొట్టి లోపలికి జరిపినంతమాత్రాన అది ఉపపని కాదు. రోజుల అంకె పక్కన ‘డి’ అనే ఇంగ్లీషు అక్షరం పెట్టండి. తేదీల వరుసలు ఎక్సెల్‌లోనే ఉండనివ్వండి.

ఖాళీ ప్రాజెక్టు తెరిచి, ముందు ప్రారంభ తేదీ ఇవ్వండి. తరువాత క్యాలెండర్ చూడండి. ప్రాజెక్ట్ మామూలు క్యాలెండర్‌లో శని, ఆదివారాలు సెలవు. మన మేస్త్రీలకు శనివారం సెలవెక్కడిది? ఆ క్యాలెండర్‌తో లెక్కవేస్తే 40 పనిదినాలు ఎనిమిది వారాలై, స్లాబు జూన్ 12కు పోతుంది. శనివారాన్ని పనిదినం చేస్తే జూన్ 4కు వస్తుంది. ఒక్క అమరికలో ఎనిమిది రోజుల తేడా! స్లాబు తరువాత నీళ్లు పట్టే పని ఆదివారం కూడా ఆగదు. దానికి ‘డి’ బదులు ‘ఇ-డి’ అక్షరాలు పెడితే సెలవులు లెక్కలోకి రాకుండా వరుసగా పద్నాలుగు రోజులు నడుస్తుంది.

ఇక ఎక్సెల్ ఫైలును ప్రాజెక్ట్ నుంచే తెరవండి. ఇంపోర్ట్ విజార్డ్ వస్తుంది. కొత్త మ్యాప్ ఎంచుకొని, తెరిచి ఉన్న ప్రాజెక్టుకు డేటాను జతచేయమని చెప్పండి. ఏ నిలువు వరుస ప్రాజెక్ట్‌లో దేనికి సమానమో జత కలపండి. అదే మ్యాపింగ్. దాన్ని దాచుకుంటే మరోసారి పనికొస్తుంది. మార్పులు చేసిన పట్టికను మళ్లీ తెచ్చేటప్పుడు మాత్రం జతచేయకండి, ప్రతి పనీ రెండుసార్లు వస్తుంది. అప్పుడు విలీనం ఎంచుకొని, రెండుచోట్లా మారని గుర్తింపు సంఖ్యను తాళంచెవిగా ఇవ్వాలి. 2010, ఆ తరువాతి వెర్షన్లలో టాస్క్ మోడ్ వరుస కూడా చూడండి. అక్కడ మాన్యువల్ అని ఉంటే ఆటోకు మార్చాలి, లేకపోతే లెక్క కదలదు.

గాంట్‌ప్రాజెక్ట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడేవారు పట్టికను సీఎస్‌వీగా దాచుకోవచ్చు. పనుల పేర్లు తెలుగులో ఉంటే యూటీఎఫ్-8 రకాన్నే ఎంచుకోండి, మామూలు సీఎస్‌వీలో అక్షరాలన్నీ ప్రశ్నార్థకాలైపోతాయి.

అంతా అయ్యాక ఒక పరీక్ష చేయండి. తవ్వకం దగ్గర 4 కొట్టేసి 10 వేయండి. స్లాబు జూన్ 4 నుంచి జూన్ 11కు జరిగితే మీ దిగుమతి సరిగా ఉంది. జరగకపోతే ముందు ప్రెడెసెసర్స్ వరుస, తరువాత షరతుల వరుస చూడండి. జూన్ 11 అంటే వానలకు ముందు మిగిలేది కొద్ది రోజులే. ఇక సెంట్రింగుకు ఇంకో ఇద్దరు మనుషుల్ని పెట్టాలా, వద్దా అన్నది ఆ అమ్మాయీ నాన్నగారూ మేస్త్రీతో కూర్చుని తేల్చుకోవలసిన సంగతి.