సెలవు లెక్క
(మన గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభ సమయమున నన్నుగూడ నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు ఆజ్ఞాపించిరి. నేను పండితుడను కాను. మా తండ్రిగారి కాలము వరకు మా యింట కరణీకముండెను. 1984లో ప్రభుత్వమువారు ఆ పద్ధతిని రద్దు చేయుటతో అడంగళ్లు మా యిల్లు విడిచిపోయినవి. లెక్క వ్రాయు అలవాటు మాత్రము విడిచిపోలేదు. నేడును ఈ యూరి లెక్కలే వ్రాసికొనుచు బ్రతుకుచున్నాను. పగలు చిట్టా ఆవర్జాలు, రాత్రి భారత భాగవతములు. నాకు భారతము చెప్పిన గురువు ఈ గ్రంథాలయపు బీరువాయే. కావున నేను చెప్పబోవు మాటలను పండితుని ఉపన్యాసముగా గాక లెక్కలవాని మాటలుగా విని ఆదరింప ప్రార్థించుచున్నాను.

సంక్రాంతి వెళ్లి ఇంకను నెల కాలేదు. ఊరిలో ఎవరిని పలుకరించినను "అలసిపోయితిమండీ" అనుచున్నారు. కోతలు కోసి అలసిన మనిషిని చూచితిమి, బస్తాలు మోసి అలసిన మనిషిని చూచితిమి. సెలవు గడపి అలసిన మనిషి మాత్రము ఈ కాలపు వింత. ఈ వింతకు కారణమేమని ఆలోచించి, నాకు తోచినది మీ ముందుంచుచున్నాను.

మొదట మాట సంగతి చూతము. మన తెలుగున సెలవు అను మాటకు మూడర్థములు కలవు. పెద్దల యొద్ద పుచ్చుకొను అనుజ్ఞ సెలవు. పని మాని యుండు దినము సెలవు. మూడవది నేడు మనము మరచినది: సెలవనగా వ్యయము. పాత తెలుగున సెలవు చేయుట యన్న ఖర్చు పెట్టుటయే. మన పొరుగు తమిళులు నేటికిని ఖర్చును ఆ మాటతోనే పిలుచుచున్నారు. లెక్కలవానికి ఈ మూడవ యర్థము మిక్కిలి ప్రీతికరము. సెలవు దినము కూడ ఖర్చు పద్దే. ఏమి ఖర్చయినది, ఏమి నిలువయున్నది అని చూచుకొననిచో అది అప్పుగా తేలును.

ఇక మన సీమలో సెలవు పుచ్చుకొనువారెవరు? మనుష్యులకంటె ముందు మన కాలువలు. కాటన్ దొరగారు ధవళేశ్వరము వద్ద ఆనకట్టను 1847లో ఆరంభించి 1852 నాటికి ముగించిరి. నేడు దాని స్థానమున నిలిచిన బ్యారేజి ఆయన పేరనే వెలసియున్నది. దాని క్రింద సుమారు పది లక్షల ఎకరములు తడియుచున్నవి. ఇన్ని ఎకరములను తడుపు కాలువలకు గూడ దాళ్వా పంట ముగిసిన పిమ్మట వేసవిలో కొన్ని వారములు విశ్రాంతి. కాలువ కట్టివేసినారని మనము చెప్పుకొనుచుందుము. అయితే ఆ దినములలో కాలువ ఊరక పడియుండదు. పూడిక తీయుదురు, గుర్రపుడెక్క లాగివేయుదురు, గట్లకు మట్టి వేయుదురు, లాకుల తలుపులు బాగుచేయుదురు. ఆ పని సక్రమముగా జరిగిన యేడు సార్వా నీరు చివరి మడి దాక పారును. జరుగని యేడు శివారు రైతు బోదె వద్ద కూర్చుండి ఆకాశము వంక చూచును. కాలువ మనకు నేర్పు పాఠమిది: పూడిక తీసికొనుటకు ఉపయోగించినదే సెలవు.

రెండవ సెలవు పొలముది. 2011లో మన కోనసీమ రైతులు సార్వా నాట్లు మానివేసిరి. దాదాపు లక్ష ఎకరములు బీడు పడెను. దానికి క్రాప్ హాలిడే యని, పంట విరామమని పేరు. ఎరువు ధర పెరిగె, కూలి పెరిగె, వడ్ల ధర గిట్టకపోయె, మురుగు దిగక చేలు మునిగిపోయె. ఇన్ని బాధలు చెప్పి చెప్పి నోరు నొచ్చిన రైతు తుదకు నాగలినే మూల నుంచెను. అన్నపూర్ణయని పేరు గాంచిన సీమలో రైతు తనంత తాను పంట మానుట చూచి దేశము ఆశ్చర్యపడెను. ప్రభుత్వమువారు మోహన్ కందాగారి యధ్యక్షతన ఒక సంఘమును నియమించిరి. మరల 2022లోను కొన్ని మండలముల రైతులు అదే బాట పట్టిరి. కాలువ సెలవు పుచ్చుకొన్నది బాగుపడుటకు. పొలము సెలవు పుచ్చుకొన్నది మొరపెట్టుకొనుటకు. రెండును బీడుగానే కనబడును గాని ఒకదానిలో ఆశ కలదు, రెండవదానిలో విసుగు కలదు.

మూడవ సెలవు మనుష్యులది. దానికి సంక్రాంతియే సాక్షి. హైదరాబాదునుండి, బెంగుళూరునుండి, సముద్రముల కావలినుండి మన బిడ్డలు ఆ మూడు దినములకై వత్తురు. దారిలో టోలుగేట్ల వద్ద గంటల కొలది నిలిచి, నిద్ర లేని కన్నులతో వచ్చి దిగుదురు. భోగినాడు మంట, సంక్రాంతినాడు పిండివంట, కనుమనాడు కోడిపందెపు బరి. మరునాడే పెట్టె సర్దుట. ఈ నడుమ తల్లిదండ్రులతో మనసిచ్చి మాటాడిన ఘడియలెన్నియో లెక్క కట్టిన బిడ్డడు లేడు. కొత్త అల్లునికి నూర్ల కొలది రకములు వడ్డించి ఫొటో తీసి లోకమునకు చూపుట యొక వేడుకగా మారినది. ఆ రకములన్నియు వండిన చేతులు ఫొటోలో పడవు. పండుగ అలసట యని మనము చెప్పుకొనుచున్నదానిలో ముప్పాతిక వంతు మన యింటి ఆడువారి ఖాతాలోనిది. వారికి ఆ మూడు దినములు సెలవు కాదు. పొయ్యికి రెట్టింపు పని.

అయితే అదే కనుమనాడు మరియొక దృశ్యము గలదు. అంబాజీపేట చెంత జగ్గన్నతోటకు ఏకాదశ రుద్రుల ప్రభలు తరలివచ్చును. ఎత్తయిన ప్రభలను భుజములమీద మోసికొని, పచ్చని చేలు త్రొక్కుచు, కౌశిక నీటిలో దిగి, ఆవలి యొడ్డుకు చేర్తురు. చేను త్రొక్కబడిన రైతు కోపగించుకొనడు. ఈ తీర్థమునే 2023 గణతంత్ర దినమున ఢిల్లీ నగరమందు మన రాష్ట్రపు శకటముగా ప్రదర్శించిరి. ప్రభ మోసిన యువకుని భుజము కాయ కట్టును, కాళ్లు బురదయగును. అతడును అలసినవాడే. కాని వానిని "అలసితివా?" యని అడుగుడు, నవ్వును. బరి చుట్టు కూర్చుండి రాత్రి తెల్లవార్లు గుండాట చూచినవానిని అడుగుడు, విసుగుకొనును. భేదమెక్కడ నున్నది? ఒకడు మోసినాడు, ఒకడు చూచినాడు. మోసిన అలసట నిద్రతో తీరును. చూచిన అలసట నిద్రను గూడ చెరచును.

రాజకీయముల సంగతియు ఇంతే. మనము రాజకీయములను మోయుట మాని చూచుట నేర్చితిమి. చేతిలోని ఫోను తెరపై రాత్రి పన్నెండు గంటల వరకు నాయకులు ఒకరి నొకరు తిట్టుకొనుట చూతుము. ఆ తిట్లలో ఒక్కటియు మన మురుగు కాలువను తవ్వదు. అయినను మనమే తిట్టినట్లు, మనమే తిట్లు పడినట్లు అలసిపోవుదుము. పండుగకు వచ్చిన అన్నదమ్ములు పార్టీల పేర వాదులాడుకొని, విస్తరి ముందు ఒకరి ముఖ మొకరు చూడకుండ లేచిపోవుట ఎన్ని యిండ్లలో జరుగుచున్నదో మీకు నేను చెప్పనక్కరలేదు.

భయములు కూడ దూరమునుండి వచ్చి యింటిలో కూర్చుండును. 2025 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షులు కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధించుచు ప్రకటన చేసినప్పుడు, ఆ కాగితము వైట్ హౌసులో వ్రాయబడినను, గుండె కొట్టుకొన్నది మన కొబ్బరితోటల నడుమ. బిడ్డడు అక్కడ, ఋణపత్రము ఇక్కడ. ఆ తండ్రి భయము అబద్ధము కాదు. కాని రాత్రియంతయు తెర చూచినంత మాత్రమున రుసుములో ఒక్క డాలరైనను తగ్గదు గదా!

2022 మే 24వ తేదీని కూడ ఈ సభలో తలచుకొనక తప్పదు. కొత్తగా ఏర్పడిన మన జిల్లాకు అంబేద్కరుగారి పేరు పెట్టు విషయమున అమలాపురమందు ఇండ్లు తగులబడినవి, బస్సులు తగులబడినవి. ఎదురెదురు వాకిళ్లవారు పలుకరించుకొనుట మానిరి. కొన్ని దినములు జిల్లాలో ఇంటర్నెట్టు నిలిపివేసిరి. ఇంటినుండి ఉద్యోగము చేయు యువకులు దానికై గోదావరి రేవులకు, పొరుగు జిల్లాలకు పరుగులు పెట్టిరి. ఆ దినములలో ఈ గ్రంథాలయపు సంతకముల పుస్తకము నేను చూచితిని. మామూలు కంటె ఎక్కువ సంతకములున్నవి. అంతకంటె ముఖ్యమైన సంగతి, ఊరిలోని రెండు పేటలవారి సంతకములును ఒకే పుటలో, ఒకదాని క్రింద నొకటి యున్నవి. వారు అక్కడ మాటాడుకొనిరో లేదో పుస్తకము చెప్పదు. ఒకే బల్ల కడ కూర్చుండిరని మాత్రము చెప్పును. ఆ వారములో ఈ యూరికి నిలువ మిగిలిన పద్దు అది యొక్కటే యని నా యభిప్రాయము.

మరి రాజకీయములను మోయుట యెట్లు? దీనికి భారతమే సమాధానము చెప్పుచున్నది. గోదావరి యొడ్డున, రాజమహేంద్రవరమున, రాజరాజ నరేంద్రుని కోరికపై నన్నయభట్టారకుడు తెనిగింప మొదలిడిన భారతములో సభాపర్వము గలదు. మయసభకు నారదుడు వచ్చెను. అంతటి విచిత్ర సభను కట్టించిన ధర్మరాజును ఆయన ముందుగా ప్రశ్నలడిగెను. నీ ఆయములో వ్యయమునకు పోవునది నాలవ పాలా, సగమా? గణకులును లేఖకులును ఆయవ్యయములను నిత్యము చూచుచున్నారా? సేద్యము వానదేవుని దయకు విడువక చెరువులు నిండుగా ఉంచితివా? కర్షకునకు విత్తనమునకు లోటు లేదుగదా, తక్కువ వడ్డీకి అప్పు దొరకుచున్నదా? చూచితిరా, అందులో తిట్టు ఒక్కటి లేదు, పొగడ్త ఒక్కటి లేదు. అన్నియు లెక్క అడుగు ప్రశ్నలే. 2011లో మన రైతు బీడు పెట్టి అడిగినవియు దాదాపు ఇవియే.

నాడు రాజు ఒక్కడే, అడుగువాడు దేవర్షి. నేడు ఓటు గల ప్రతివాడును రాజే, ప్రతివాడును నారదుడే. అడుగుటకు చోటు కూడ చట్టము చూపినది. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టము ప్రకారము పంచాయతి వార్షిక లెక్కలును, ఆడిటు నివేదికయు గ్రామసభ ముందుకు రావలయును. బరి వద్ద ఇసుక వేసిన రాలనంత జనము. గ్రామసభనాడు పరచిన జంపకానలో సగము ఖాళీ. ఢిల్లీని గూర్చి మూడు గంటలు వాదించువాడు, తన వీధి మురుగు కాలువకు ఎంత వ్రాసినారో, ఎంత తవ్వినారో అని మూడు నిమిషములు అడుగడు. అడిగినవాని ఆందోళన సగము అక్కడనే దిగును. తన చేయి యొక పనిమీద పడినదను ధైర్యము వానికి కలుగును. అడుగనివాడు ఇంటికి వచ్చి మరల తెర తెరచును.

ఈ గ్రంథాలయములు పుట్టినది కూడ ఇట్టి ధైర్యమునకే. 1914లో బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహముగారి యధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథాలయముల ప్రథమ మహాసభ జరిగినది. అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివారు ఊరూర తిరిగి పఠనమందిరములు నెలకొల్పించిరి. చదివిన జనులు అడుగుదురు, అడిగిన జనులు నిలుతురు అనునదే వారి నమ్మకము. వేసవిలో కాలువకు పూడిక తీసినట్లు, మనసునకు పూడిక తీయు చోటు ఇది.

కావున కార్యవర్గమువారికి మూడు మనవులు చేయుచున్నాను. మొదటిది: వచ్చు సంక్రాంతి మూడు సాయంకాలములును గ్రంథాలయమును మూయక దీపము వెలిగించి యుంచవలయును. ఊరికి వచ్చిన బిడ్డలను తండ్రులు ఇక్కడకు తోడ్కొని రావలయును; ఆ వేళ ఇంటి ఆడువారిని గూడ పొయ్యి దించి రమ్మని పిలువవలయును. ఒకపూట రెండు కూరలు తగ్గినంత మాత్రమున పండుగ తగ్గదు. రెండవది: గ్రామసభకు ముందునాడు పంచాయతి లెక్కల నకలు నొకటి ఈ బల్లపై ఉంచవలయును. అంకెలు తెలియనివారికి చదివి చెప్పుటకు నేనున్నాను. దానికి రుసుము లేదు. మూడవది: ఏ పార్టీ జెండాయు ఈ గోడకు కట్టరాదు. ఊరిలో జెండాలు కట్టుటకు స్తంభములు చాల గలవు. ఇరువురు కలిసి కూర్చుండుటకు బల్ల ఒక్కటియే గలదు.

ఇరువదియైదేండ్లు ఈ బీరువాను కాపాడిన ప్రతి చేతికిని నమస్కరించుచున్నాను. ఆ మాటకు గల మొదటి యర్థమున, మీ యందరి సెలవు పుచ్చుకొనుచున్నాను.